ఏఆర్-3ఏ వూఫర్ ఫోమ్ కిట్: మెత్తగా ఉంటేనే కొనండి

అకౌస్టిక్ రీసెర్చ్ (ఏఆర్) వారి పాత స్పీకర్ 3ఏలో బేస్ పలికే 12 అంగుళాల వూఫర్‌కి, కోన్ చుట్టూ ఉండే ఫోమ్ అంచు పాడైతే మార్చుకోవడానికి ప్రత్యేకంగా అమ్మే కిట్‌లో రెండు ఫోమ్ రింగులు, తెల్లటి వాటర్‌బేస్ జిగురు సీసా, చిన్న బ్రష్ వస్తాయి. కొన్నిటిలో డస్ట్ క్యాపులు (కోన్ నడుమ ఉండే మూతలు), ప్లాస్టిక్ షిమ్‌లు (కోన్‌ని సరిగ్గా మధ్యలో నిలిపే సన్నటి ముక్కలు) కూడా ఇస్తారు. వీటిలో అసలు విలువంతా ఆ రెండు రింగులదే.

ఎడ్గర్ విల్చర్, హెన్రీ క్లాస్ 1954లో అమెరికాలోని కేంబ్రిడ్జ్‌లో మొదలుపెట్టిన అకౌస్టిక్ రీసెర్చ్ నిలబడింది ఒకే సూత్రం మీద: గాలి చొరబడకుండా మూసిన పెట్టెలో లోపలి గాలే కోన్‌కి స్ప్రింగ్. కోన్ అంచు వదులుగా, ఎటు నెడితే అటు పోయేలా ఉండాలి. 1967 నాటి 3ఏ అంత చిన్న పెట్టెలోంచి అంత లోతు బేస్ పలికించేది అందువల్లే. గట్టి ఫోమ్ అంటిస్తే రెజొనెన్స్ (కోన్ సహజంగా కంపించే ఫ్రీక్వెన్సీ) పైకి జరుగుతుంది, అడుగు స్వరాలు పలచబడతాయి. '12 అంగుళాలు' అని మాత్రమే రాసిన కార్ సబ్‌వూఫర్ రింగులు సరిగ్గా ఇదే పాపం చేస్తాయి. కొలత సరిపోయినా స్వభావం సరిపోదు. మంచి కిట్‌లోని రింగు పలచగా, చేత్తో ఎత్తితే వాలిపోయేలా ఉంటుంది. లోపలి అంచు కోన్ వాలుకి తగ్గట్టు ఏటవాలుగా ఉంటుంది.

ఆర్డర్ చేసేముందు గ్రిల్ తీసి చూడండి. తొలినాళ్ల ఆల్నికో (అల్యూమినియం, నికెల్, కోబాల్ట్ కలిసిన లోహం) మాగ్నెట్ వూఫర్లకి అంచు గుడ్డతో చేసింది. దానికి ఈ కిట్ వద్దు, ఆ గుడ్డని పీకనే కూడదు. పొడిగా రాలిపోయేది తర్వాత వచ్చిన ఫోమ్ అంచే. పాలియురెథేన్‌ని తేమ తినేస్తుంది కాబట్టి విశాఖ, కాకినాడ వంటి తీరపు ఊళ్లలో ఇంకా త్వరగా పోతుంది. విడి కిట్‌ని కూడా ఏళ్ల తరబడి దాచుకోవద్దు.

పనిలో సగం శుభ్రం చేయడమే. పాత ఫోమ్‌ని, బంకని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో నానబెట్టి మొండి బ్లేడుతో గీకాలి. తొందరపడితే కోన్ కాగితం పొరలుగా లేస్తుంది. ముందు కోన్‌కి అంటించి ఆరనివ్వాలి, ఆ తర్వాతే ఫ్రేమ్‌కి. జిగురు నెమ్మదిగా పట్టడం ఇక్కడ వరం: రింగుని అటూ ఇటూ జరిపి సర్దుకోవచ్చు. ఫెవిక్విక్ లాంటివి ఆ అవకాశం ఇవ్వవు. కోన్‌ని రెండు వైపులా వేళ్లతో సమంగా నొక్కి వదలండి. గరగరమంటే వాయిస్ కాయిల్ (కోన్‌ని కదిపే తీగచుట్ట) మాగ్నెట్ సందులో రాసుకుంటోందని అర్థం. ఆ గరగర రాని స్థానంలో రింగుని నిలిపి, అంచు చుట్టూ క్లిప్పులు పెట్టి 24 గంటలు కదపకూడదు. చేయి తిరిగినవారికి షిమ్‌లు అక్కర్లేదు. మొదటిసారి చేసేవారు డస్ట్ క్యాప్ కోసి షిమ్‌లు పెట్టుకోవడమే క్షేమం.

కిట్‌లో లేనిదీ, ఉండాల్సిందీ ఒకటుంది: వూఫర్ ఫ్రేమ్ కింద పెట్టే సీలింగ్ పుట్టీ. పాతది ఎండి బీటలిచ్చి ఉంటుంది. అది మార్చకపోతే గాలి కారి, ఇంత కష్టమూ వృథా. బిగించాక కోన్‌ని మెల్లగా లోపలికి నొక్కి వదలండి. నింపాదిగా వెనక్కి రావాలి; టక్కున వచ్చేస్తే ఎక్కడో కారుతోంది. పెట్టె లోపలి ఫైబర్‌గ్లాస్ ముట్టుకునేముందు గ్లౌజులు, మాస్కు తప్పనిసరి.

పెట్టె తెరిచారు కాబట్టి కెపాసిటర్లూ చూడండి: 150, 50, 6 మైక్రోఫారడ్లు. ట్వీటర్ (పై స్వరాలు పలికే యూనిట్) వైపున్న 6కి పాలీప్రొపైలీన్ ఫిల్మ్ పెట్టండి, మిగతా రెంటికీ నాన్‌పోలార్ (ప్లస్-మైనస్ తేడా లేని) ఎలెక్ట్రోలిటిక్ చాలు. పవర్ సప్లైలో వాడే ప్లస్-మైనస్ ఉన్న మామూలు రకం ఇక్కడ పెట్టకూడదు. వెనకున్న లెవెల్ పాట్లు (ధ్వని హెచ్చుతగ్గులు సర్దే తిప్పుడు మీటలు) రెండూ తుప్పు పట్టి మిడ్‌రేంజ్‌నో (మధ్య స్వరాల యూనిట్) ట్వీటర్‌నో పూర్తిగా మూగబోయేలా చేస్తాయి. యూనిట్ కాలిపోయిందనుకుని పారేసేముందు పాట్ విప్పి, లోపలి తీగని, దాని మీద జారే ముక్కని సన్నటి శాండ్‌పేపర్‌తో రుద్దండి. ఇవి 4 ఓమ్‌ల స్పీకర్లు, కరెంటు గట్టిగా ఇచ్చే యాంప్ కావాలి.

మెత్తటి రింగులున్న కిట్‌కి ఐదుకి నాలుగున్నర. ఆ అర మార్కు పుట్టీ ఇవ్వనందుకు కోత.