అమెరికా రిసీవర్ చవకగా వస్తోందా? వెనక స్టిక్కర్ గీకి చూశాకే డబ్బు కట్టండి

ఇంట్లో పాటలు వినడానికి సెకండ్ హ్యాండ్ స్టీరియో రిసీవర్ (రేడియో కూడా ఉన్న ఆంప్లిఫయర్) కోసం వెతుకుతున్న మన విజయనగరం, శ్రీకాకుళం వాళ్ళు దయచేసి ఇది పూర్తిగా చదవండి. నేను పద్నాలుగు వేలు పోగొట్టుకున్నాను. డబ్బు సంగతి అలా ఉంచితే, ఆ రోజు మా నాన్నగారి ముఖం చూసి నాకు ఏడుపొచ్చింది.

నాన్నగారు రిటైర్డ్ టీచరు. వయసులో ఉన్నప్పుడు మా ఊరి మహారాజా సంగీత కళాశాలలో కొన్నాళ్ళు వయొలిన్ నేర్చుకున్నారు. ఘంటసాల గారు, సుశీల గారు చదివిన కాలేజీ అని ఇప్పటికీ ఇంటికొచ్చిన వాళ్ళకి చెబుతారు. అరవై దాకా ఎల్పీ రికార్డులు, ఇంకా చక్కగా తిరిగే టర్న్‌టేబుల్, ఒక జత స్పీకర్లు ఉన్నాయి. పాత ఆంప్లిఫయర్ పాడై మూడేళ్ళయింది. పైడితల్లమ్మ సిరిమానోత్సవానికి అక్కవాళ్ళు వస్తారు, అప్పటికల్లా ఇంట్లో రికార్డులు మోగాలని నా ఆశ.

ఫోన్లో ప్రకటన చూసి విశాఖలో ఒక దుకాణానికి వెళ్ళాను. రిసీవర్ ముందువైపు అద్దంలా మెరుస్తోంది. పాట పెట్టి వినిపించారు, చాలా బాగుంది. బల్ల మీద గుడ్డ కింది దాకా వేలాడుతోంది, రిసీవర్ వైరు ఆ గుడ్డ వెనక్కి వెళ్ళింది. బల్ల కింద నుంచి సన్నగా గుయ్‌మని మోత వస్తుంటే ఫ్రిజ్ అనుకున్నాను. "అమెరికా సరుకు బాబూ, ఇక్కడ దొరకదు. మన కరెంటుకి మార్చేసే ఇస్తున్నాం, వెనక స్టిక్కర్ ఉంది చూడండి" అన్నాడు దుకాణదారు. చూశాను. 230 వోల్టులు అని తెల్ల స్టిక్కర్ ఉంది. నమ్మేశాను. బిల్లు అడిగితే చీటీ మీద "ఆంప్లిఫయర్ ఒకటి" అని రాసిచ్చాడు. మోడల్ నంబర్ లేదు, సీరియల్ నంబర్ లేదు.

ఇంటికి తెచ్చి వైర్లన్నీ కలిపాను. నాన్నగారు రికార్డు తుడిచి చేత్తో పట్టుకుని కూర్చున్నారు. ప్లగ్ పెట్టి స్విచ్ వేశానో లేదో లోపల టప్‌మంది. రిసీవర్ మీద పవర్ బటన్ ఇంకా నొక్కనే లేదు. బోరు మోటారు కాలినప్పుడు వచ్చే వాసన గదంతా కమ్మేసింది. నాన్నగారు ఏమీ అనలేదు. రికార్డుని మళ్ళీ కవర్లో పెట్టేసి లోపలికి వెళ్ళిపోయారు.

మర్నాడు గంటస్తంభం దగ్గర రేడియోలు బాగుచేసే పెద్దాయన దగ్గరికి తీసుకెళ్ళాను. "ఎనక సూసేవా బాబూ?" అన్నాడు. స్టిక్కర్ ఉంది కదా అన్నాను. గోటితో ఆ స్టిక్కర్ అంచు లేపి మెల్లగా లాగాడు. కింద రేకు మీద అచ్చువేసిన అక్షరాలు బయటపడ్డాయి: 120 వోల్టులు, 60 హెర్ట్జ్. లోపల ఏమీ మార్చలేదు, పైన కాగితం మాత్రం అంటించారు. దుకాణంలో బల్ల కింద మోగింది ఫ్రిజ్ కాదు, వోల్టేజీని తగ్గించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ అయ్యుంటుందని ఆయన చెప్పాకే నాకు వెలిగింది.

ఎందుకు కాలిందో ఆయన మూత తీసి చూపించాడు. మన ఇళ్ళకి వచ్చేది 230 వోల్టులు, 50 హెర్ట్జ్. అమెరికాలో 120. దాదాపు రెట్టింపు వోల్టేజీ లోపలికి వెళ్ళింది. ఇలాంటి రిసీవర్లలో రిమోట్ కోసం ఎప్పుడూ మేలుకుని ఉండే చిన్న స్టాండ్‌బై ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది. ప్లగ్ పెట్టగానే ముందు దెబ్బ తినేది అదే. అందుకే బటన్ నొక్కకముందే పోయింది. అలాంటిదే ఇక్కడ దొరకడం కష్టమన్నాడు.

ఒకవేళ బాగుచేయించినా దాన్ని నేరుగా మన ప్లగ్గులో పెట్టలేం. రిసీవర్ వాడే వాట్ల కన్నా బాగా ఎక్కువ సామర్థ్యమున్న స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ ఎప్పుడూ పక్కన ఉండాలి. దాని ఖర్చు వేరు, దాని మోత వేరు. ఇంట్లో ఎవరైనా తెలియక ప్లగ్ మార్చి పెట్టారా, మళ్ళీ మొదటికే. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. అమెరికాలో ఎఫ్ఎం స్టేషన్లన్నీ 101.9, 102.1 లాంటి బేసి అంకెల మీదే ఉంటాయి. అక్కడి కోసం చేసిన చాలా రిసీవర్లలో ట్యూనర్ 0.2 చొప్పున గెంతుతుంది. విశాఖ ఆకాశవాణి రెయిన్‌బో 102.0 మీద వస్తుంది, అది సరిగ్గా అక్కడ ఆగదు. పొద్దున్నే ఆకాశవాణి పెట్టుకునే ఇంట్లో ఇది చిన్న లోటు కాదు.

కాబట్టి కొనేముందు వెనకవైపు ఫోటో అడగండి. మన 230 వోల్టులకి పనికొస్తుందని స్టిక్కర్ మీద కాదు, రేకు మీద అచ్చులో ఉండాలి. కొన్ని పాత మోడళ్ళలో వోల్టేజీ మార్చుకునే సెలెక్టర్ ఉంటుంది, అది 220 లేదా 240 మీద ఉందో లేదో చూసుకోండి. దుకాణంలో వినిపిస్తే ప్లగ్ నేరుగా గోడకే పెట్టమనండి. ఒప్పుకోకపోతే వచ్చేయండి.

వాట్ల విషయంలో పీఎంపీఓ అని ప్రచారానికి వేసే పెద్ద పెద్ద అంకెలు అసలు పట్టించుకోకండి, దానికి ఒక కొలతంటూ లేదు. గోడ నుంచి 60 వాట్లు తీసుకునే పెట్టె 5000 వాట్లు ఎక్కడి నుంచి ఇస్తుంది? 8 ఓమ్‌ల దగ్గర (ఓమ్ అంటే కరెంటుకి స్పీకర్ ఇచ్చే అడ్డు కొలత) ఛానెల్‌కి, అంటే ఒక్కో వైపుకి, ఎన్ని ఆర్‌ఎంఎస్ వాట్లు, అంటే ఆగకుండా ఇవ్వగల వాట్లు, అన్నదే అడగండి. మామూలు హాల్లో వినడానికి ముప్పై, నలభై నిజమైన వాట్లు చాలు. మీ స్పీకర్లు 4 ఓమ్‌లవైతే రిసీవర్ వాటికి ఒప్పుకుంటుందో లేదో వెనక రాసే ఉంటుంది.

రికార్డులు వినేవాళ్ళు ఫోనో ఇన్‌పుట్, అంటే టర్న్‌టేబుల్ కోసమే ఉండే కనెక్షన్, ఉందో లేదో చూడండి. టర్న్‌టేబుల్ నుంచి వచ్చే సిగ్నల్ కొద్ది మిల్లీవోల్టులే, మామూలు ఇన్‌పుట్‌కి కలిపితే పాట పీలగా వినిపిస్తుంది. సోనీ ఎస్‌టీఆర్-డీహెచ్190లో ఫోనో ఉంది. యమహా ఆర్-ఎస్202లో బ్లూటూత్ ఉంది గానీ ఫోనో లేదు, ఆ సన్నటి సిగ్నల్‌ని పెంచే ఫోనో ప్రీఆంప్ విడిగా కొనుక్కోవాలి.

దుకాణానికి మూడుసార్లు వెళ్ళాను. మొదటిసారి ఫ్యూజు మార్చుకోమన్నాడు, రెండోసారి మీరే కాల్చేశారన్నాడు, మూడోసారి ఈ చీటీలో ఆ రిసీవర్ పేరెక్కడుందన్నాడు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. పీకిన స్టిక్కర్‌ని పెద్దాయన పారేయనివ్వలేదు, కాగితానికి అంటించి ఇచ్చాడు. అది, రేకు ఫోటోలు, డబ్బు పంపిన ఫోన్ రసీదు అన్నీ దాచాను.

నిన్న అదే ప్రకటన మళ్ళీ కనిపించింది. ఈసారి వేరే రిసీవర్, అవే మాటలు: అమెరికా సరుకు, మన కరెంటుకి మార్చింది. ఆరు ఫోటోలు పెట్టారు, ఆరూ ముందువైపువే.