సౌరఘటాల కోసం కొన్న నానోట్యూబుల పొడి: సీసా మీద రాసిన శుద్ధత దేనిది?

సేంద్రియ సౌరఘటాల్లో పాలిమర్‌తో కలిపి వాడదామని మా ప్రయోగశాలకు ఏకపొర కార్బన్ నానోట్యూబుల (ఒక్క పరమాణువు మందపు కార్బన్ రేకును చుట్టినట్టుండే అతి సన్నని గొట్టాల) పొడి ఒక గ్రాము తెప్పించాము. ఇది హిప్కో రకం. అంటే రైస్ విశ్వవిద్యాలయంలో రిచర్డ్ స్మాలీ బృందం రూపొందించిన పద్ధతిలో, అధిక పీడనం వద్ద కార్బన్ మోనాక్సైడ్ నుంచి ఇనుము ఉత్ప్రేరకంగా తయారైనది. ఇక్కడ చెప్పబోయే లోపం ఒక్కరిది కాదు కనుక అమ్మినవారి పేరు రాయడం లేదు.

ఒక గ్రామంటే చిటికెడు అనుకుంటాము గాని, సీసా సగం దాకా నల్లటి నుసి ఉంది. మూత తీయగానే చేతి తొడుగుకు అంటుకుంటుంది, ఊపిరి తగిలినా లేస్తుంది. మాస్కు లేకుండా తూచకూడదు.

ఉత్త క్లోరోఫాంలో వేసి శబ్దతరంగాలతో కుదిపే సోనికేటర్‌లో గంటసేపు ఉంచినా, మరిగే నీళ్లలో రాగిపిండి ఒక్కసారిగా పోసినట్టు ఉండలు కట్టి అడుగున కూర్చుంది. ముందుగా, ఘటంలో వెలుతురును పీల్చుకునే పి3హెచ్‌టి పాలిమర్‌ను కరిగించి అందులో వేసినప్పుడు మాత్రం, పాలిమర్ గొలుసులు ట్యూబులను చుట్టుకుని విడదీయడం వల్ల, నారింజ రంగు ద్రావణం ముదురు గోధుమ రంగుకు తిరిగి మర్నాటికి కూడా తేటపడలేదు. లేసరు కాంతితో ట్యూబుల నాణ్యత చూపే రామన్ వర్ణపటంలో 1350 సెం.మీ⁻¹ దగ్గరి లోపాల శిఖరం పొట్టిగా, సరైన కార్బన్ అల్లికను చూపే 1590 దగ్గరిది ఎత్తుగా వచ్చింది. ఇంతవరకు సరుకును మెచ్చుకోవలసిందే.

చిక్కు ఘటం కట్టాక బయటపడింది. వెలుతురు పడి పాలిమర్‌లో పుట్టే ఎలక్ట్రాన్, రంధ్రాల (ఎలక్ట్రాన్ వదిలిన ఖాళీల) జంట సుమారు 10 నానోమీటర్లకు మించి ప్రయాణించలేదు. ఆలోపే అర్ధవాహక ట్యూబు ఎదురైతే ఎలక్ట్రాన్ దానిలోకి దూకుతుంది, లోహ స్వభావం గల ట్యూబు ఎదురైతే రెండూ అక్కడే కలిసిపోయి కరెంటు దక్కదు. వేరుచేయని పొడిలో దాదాపు మూడోవంతు ఈ లోహపు రకమే. సీసా మీది శుద్ధత కార్బన్ ఎంత, ఇనుము ఎంత అన్న లెక్క మాత్రమే. ఆ మూడోవంతు గురించి ఒక్క ముక్క లేదు. మేము కట్టిన ఎనిమిది ఘటాల్లో మూడు షార్టయ్యాయి, ఎందుకంటే పొర మందాన్ని మించిన పొడవున్న ట్యూబు నిలువుగా పడితే ఒకవైపు పారదర్శక ఎలక్ట్రోడ్ అయిన ఐటీఓకు, రెండోవైపు ఎలక్ట్రోడ్ అయిన అల్యూమినియానికి మధ్య తీగ వేసినట్టే. మిగిలిన ఐదూ ఫుల్లరీన్ (బంతి ఆకారపు కార్బన్ అణువు) కలిపిన మా పాత ఘటాల దరిదాపులకు రాలేదు. 2002లో పరిశోధకులు కిమాకిస్, అమరతుంగ ఇటువంటి మిశ్రమంతో 0.75 వోల్టులు సాధించినప్పుడు కూడా కరెంటు తక్కువే, కనుక ఫలితానికి ఆశ్చర్యపోలేదు.

అమ్మినవారిని అడిగితే, లోహపు ట్యూబులను వేరుచేసిన రకానికి ధర వేరని ఒక్క వాక్యంలో జవాబిచ్చారు. ఆ వాక్యమే సీసా మీద ఉండవలసింది. పాలీఫ్లోరిన్ రకం పాలిమర్లు టోలుయిన్‌లో అర్ధవాహక ట్యూబులనే ఏరి చుట్టుకుంటాయని 2007లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు చూపారు. మిగిలిన పొడితో అదే చేసి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే, పైన నిలిచిన తేట కొద్దిగానే దక్కింది. పారదర్శక ఎలక్ట్రోడ్లు చేసేవారికి లోహపు ట్యూబులు అడ్డం కావు కాబట్టి, వారు నిశ్చింతగా కొనవచ్చు. మేము మాత్రం ట్యూబులను అంటిపెట్టుకున్న పాలీఫ్లోరిన్‌ను కడిగి వదిలించే పనిలో ఉన్నాము.