ట్రోపోనిన్: కార్డు మేలా, మెషీన్ మేలా?

నెల తిరిగేలోపు కనీసం ముగ్గురైనా నన్ను ఇదే అడుగుతారు. అడిగేవాళ్లు చిన్న నర్సింగ్‌హోమ్ నడిపే డాక్టర్లో, వాళ్ల దగ్గర పనిచేసే ల్యాబ్ టెక్నీషియన్లో అయి ఉంటారు. "అన్నా, ఛాతీనొప్పి కేసులకి ట్రోపోనిన్ కార్డులు పెట్టుకుంటే చాలదా? మెషీన్ పెట్టాల్సిందేనా?" పోయిన వారం ఫోన్ చేసిన కుర్రాడైతే ఇంకో మాట కలిపాడు: "రెండు గీతలొస్తే అటాక్, ఒక్కటొస్తే గ్యాస్. అంతేగా అన్నా!"

ట్రోపోనిన్ అంటే గుండె కండ దెబ్బతింటే రక్తంలోకి వచ్చే ప్రోటీన్. కార్డు దాన్ని గీతతో చూపిస్తుంది, మెషీన్ అంకెతో చూపిస్తుంది. ఆ "ఒక్కటొస్తే గ్యాస్" దగ్గరే తంటా అంతా. ఈమధ్యే మా ల్యాబ్‌లో కూడా కార్డులు మానేసి మెషీన్‌కి మారాం. ఒక్కొక్కరికీ ఫోన్లో విడిగా చెప్పేకన్నా రాసి పెడితే నయమనిపించింది.

ముందుగా ఒక మాట. ఈసీజీలో ఎస్‌టీ అనే భాగం లేచి కనిపిస్తుంటే కార్డూ వద్దు, మెషీనూ వద్దు. మనిషి వచ్చిన 10 నిమిషాల్లోపు ఈసీజీ తీయాలి. అందులో స్టెమి (అలా ఎస్‌టీ లేచిన గుండెపోటు) అని తేలితే, 120 నిమిషాల్లో యాంజియోప్లాస్టీ జరిగే వీలుంటే అక్కడికి పంపాలి, లేకపోతే గడ్డ కరిగించే ఇంజెక్షన్ మొదలుపెట్టాలి. మన రెండు రాష్ట్రాల్లోని స్టెమి పథకాల్లో జరిగేదీ ఇదే. చిన్న ఆస్పత్రిలో తీసిన ఈసీజీ పెద్దాస్పత్రి కార్డియాలజిస్టుకి వెళ్తుంది, ఆయన ఊ అంటే గడ్డ కరిగించే టెనెక్టెప్లేస్ ఇంజెక్షన్ పడుతుంది. ట్రోపోనిన్ రిపోర్టు వచ్చేదాకా ఆగుదామని అక్కడ ఎవరైనా అంటే, అది గుండె కండను చూస్తూ చూస్తూ పోగొట్టుకోవడమే. కాబట్టి నేను చెప్పబోయేదంతా ఈసీజీలో ఏమీ తేలని వాళ్ల గురించే. క్యాజువాల్టీకి ఛాతీనొప్పితో వచ్చేవాళ్లలో ఎక్కువమంది వాళ్లే.

కార్డు గురించి కొత్తగా చెప్పేదేముంది, ప్రెగ్నెన్సీ కార్డుకి చుట్టంలా ఉంటుంది. గుంటలో రక్తమో ప్లాస్మానో చుక్కలు వేస్తే, ఎర్రటి అల మెల్లగా పాకుతుంది. 15 నిమిషాలకు సీ గీత (కార్డు పనిచేసిందనడానికి), ట్రోపోనిన్ ఉంటే టీ గీత (టీ అంటే ఇక్కడ టెస్ట్). చేయి తిరిగిన టెక్నీషియన్ అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు, ధర వందల్లోనే. ఇబ్బంది ఎక్కడంటే, టీ గీత ఉందా లేదా అన్నట్టుగా వచ్చినప్పుడు. ట్యూబ్‌లైటు కింద చూస్తే ఉన్నట్టుంటుంది, కిటికీ దగ్గరికి తీసుకెళ్తే లేనట్టుంటుంది. సెల్‌ఫోన్ టార్చి వేసి, నర్సునీ వాచ్‌మన్‌నీ పిలిచి "నీకు కనబడుతోందా" అని అడిగిన రాత్రులు నాకూ ఉన్నాయి.

ఇక లెక్కలోకి వస్తే, పరీక్షల్లో చూసే ట్రోపోనిన్ రెండు రకాలు: టీ, ఐ. కంటితో చూసే ట్రోపోనిన్ టీ కార్డులో గీత రావాలంటే రక్తంలో లీటరుకి సుమారు 100 నానోగ్రాములు ఉండాలి. అదే ట్రోపోనిన్ టీ ని హై సెన్సిటివిటీ (చాలా తక్కువున్నా పట్టుకునే) మెషీన్ మీద చూస్తే 14 దాటగానే ఎక్కువున్నట్టు లెక్క. ఆరోగ్యవంతులు నూరుమందిలో 99 మందికి దానికన్నా తక్కువే ఉంటుంది. ఏడు రెట్ల తేడా ఇది. ట్రోపోనిన్ ఐ కార్డుల్లో చాలావాటి డబ్బా మీద 0.5 నానోగ్రాములు/మి.లీ. అని ఉంటుంది, అంటే లీటరుకి 500. 15 నుంచి 100, 500 దాకా ఉన్న మనుషులందరూ కార్డు లెక్కలో "నెగెటివ్" వాళ్లే.

ఇంతవరకూ కంపెనీ రిప్రజెంటేటివ్ కూడా చెబుతాడు. అతను చెప్పనిది ఒకటుంది, నా దృష్టిలో ఏది మేలో తేల్చేది అదే.

మూడేళ్ల కిందటి మాట, నేను వేరేచోట నైట్ డ్యూటీ చేస్తున్నప్పుడు. తెల్లవారుజామున నాలుగున్నరకి ఒక ఆటోడ్రైవర్ వచ్చాడు, నలభై దాటుంటాయి. నొప్పి నాలుగింటికి మొదలైందన్నాడు. ఈసీజీలో చెప్పుకోదగ్గ మార్పేం లేదు. కార్డు పెట్టాను, సీ గీత ఒక్కటే వచ్చింది. "నెగెటివ్" అని రాసిచ్చాను. ఎసిడిటీ ఇంజెక్షన్ చేసి, సిరప్ రాసి పంపేశారు. పదకొండింటికి అదే మనిషిని ఇద్దరు పట్టుకుని తెచ్చారు, చొక్కా చెమటతో ఒంటికి అతుక్కుపోయి ఉంది. అదే డబ్బాలోంచి ఇంకో కార్డు తీశాను. ఈసారి 15 నిమిషాలు ఆగాల్సిన పనిలేదు, అల టీ దగ్గరికి చేరగానే గీత చిక్కగా పడింది. స్టెంట్ వేశారు, ఇప్పటికీ ఆటో తోలుతున్నాడు.

తప్పు కార్డుదని ఆ రోజు అందరం అనుకున్నాం. తర్వాత ఆలోచిస్తే, మొదటి కార్డు తప్పు చెప్పలేదు. నొప్పి మొదలై అరగంటే అయింది, ట్రోపోనిన్ ఇంకా రక్తంలోకి రానే లేదు. నిజం చెప్పాలంటే, అప్పుడు మెషీన్ ఉన్నా మొదటి శాంపిల్‌లో బహుశా మామూలుగానే వచ్చేది. తేడా ఏంటంటే, మెషీన్ పద్ధతిలో ఆయన్ని పంపించేవాళ్లు కాదు. యూరోపియన్ కార్డియాలజీ సొసైటీ పద్ధతిలో, నొప్పి మొదలై 3 గంటలు దాటిన మనిషికి మాత్రమే ఒక్క శాంపిల్‌తో "కాదు" అని చెప్పొచ్చు. అదీ ట్రోపోనిన్ టీ 5 కన్నా తక్కువుంటేనే. మిగతావాళ్లకి గంట తర్వాత రెండో శాంపిల్ తీయాలి. మొదటిది 12 లోపుండి, గంటలో పెరుగుదల 3 కూడా లేకపోతే గుండెపోటు కాదన్నట్టే. గంటలో 5 పెరిగినా, మొదటిదే 52 తాకినా అడ్మిట్ చేసే దారి. మధ్యలో ఉన్నవాళ్లని ఉంచి మళ్లీ చూడాలి.

అంటే అసలు పనిచేసేది రెండు అంకెల మధ్య తేడా. కార్డు మీద ఉండేది గీత. 9 నుంచి 16 కి పెరిగితే మెషీన్ పట్టుకుంటుంది. కార్డుకి అప్పుడూ ఒకటే గీత, ఇప్పుడూ ఒకటే గీత. పైన ఉన్నప్పుడూ అదే కథ. డయాలసిస్ చేయించుకునేవాళ్లకి ట్రోపోనిన్ టీ ఎప్పుడూ ఎక్కువే ఉంటుంది, గుండెపోటు లేకపోయినా. 118, గంటకి 117, మూడు గంటలకి 119 అని వస్తే డాక్టరు నెమ్మదిగా ఊపిరి తీసుకుంటాడు. కార్డు మీద ఆ మనిషి ప్రతిసారీ పాజిటివే. 2018 లో వచ్చిన గుండెపోటు అంతర్జాతీయ నిర్వచనం కూడా పెరగడమో తగ్గడమో కనబడాలనే అంటుంది, ఎక్కువుంటే చాలనదు.

"మరి ఇన్నేళ్లూ కార్డులతో నెట్టుకొచ్చాం కదా?" నిజమే, దానికీ ఒక కారణం ఉంది. మనవాళ్లు ఆలస్యంగా వస్తారు. దేశంలో 50 నగరాల్లోని 89 ఆస్పత్రుల్లో 20,468 మంది రోగుల వివరాలు నమోదు చేసిన క్రియేట్ రిజిస్ట్రీ 2008 లో లాన్సెట్ వైద్యపత్రికలో వచ్చింది. నొప్పి మొదలయ్యాక ఆస్పత్రికి చేరడానికి అందులో సగటు మనిషికి పట్టిన సమయం 360 నిమిషాలు. ఆరు గంటలు! సోడా తాగి, వాము నమిలి, ఊళ్లో ఇంజెక్షన్ వేయించుకుని, ఆటో దొరికి వచ్చేసరికి ట్రోపోనిన్ ఎటూ కార్డుకి కనబడేంత పెరిగిపోయి ఉండేది. కార్డు బాగా పనిచేస్తోందని మనం మురిసిపోయింది ఆ ఆలస్యం పుణ్యమే. ఇప్పుడు 108 వచ్చింది, జనానికి భయమూ వచ్చింది, చెయ్యి లాగితే గంటలో పరుగెత్తుకొస్తున్నారు. మనిషి ఎంత తొందరగా వస్తే కార్డు అంత అక్కరకు రాకుండా పోతుంది.

మెషీన్ పక్షాన ఇంత మాట్లాడాను కదా, దాని చిట్టా కూడా విప్పాలి. స్కాట్లండ్‌లో 10 ఆస్పత్రుల్లో 48,282 మంది మీద జరిగిన హై-స్టీక్స్ అధ్యయనం 2018 లో వచ్చింది. హై సెన్సిటివిటీకి మారాక కొత్తగా బయటపడినవాళ్లు చాలామందే ఉన్నారు. కానీ ఏడాది తిరిగేసరికి గుండెపోట్లు గానీ, గుండె జబ్బు చావులు గానీ తగ్గలేదు. మెషీన్ పెడితే ప్రాణాలు నిలుస్తాయని బోర్డు రాసుకునేవాళ్లు ఇది చదవాలి. మరి లాభమెక్కడ? అదే స్కాట్లండ్‌లో 31,492 మందితో చేసిన హిస్టారిక్ అనే మరో అధ్యయనంలో, గుండెపోటు కాదని తొందరగా తేల్చే పద్ధతి పెట్టాక ఆస్పత్రిలో ఉండే సమయం 10.1 గంటల నుంచి 6.8 గంటలకి తగ్గింది. అలా పంపినందువల్ల హాని పెరిగినట్టూ కనబడలేదు. బయట బెంచీ మీద టెన్షన్‌తో కూర్చున్న ఇంటివాళ్లకి మూడు గంటలంటే చిన్న విషయం కాదు, ఐసీయూ బిల్లు సంగతి సరేసరి.

మెషీన్‌కి రెండో చిక్కు మనమే. పరీక్షకి పట్టేది పద్ధతిని బట్టి 9 నుంచి 18 నిమిషాలు. కానీ మెషీన్ పెట్టిన కొత్తలో మా రిపోర్టులు గంటన్నరకి గానీ వెళ్లేవి కావు. ఎందుకని చూస్తే, శాంపిల్ ఎర్ర మూత ట్యూబులో వచ్చేది, అది గడ్డకట్టడానికే అరగంట. అంతకుముందు క్యాజువాల్టీ ట్రేలో వార్డుబాయ్ కోసం ఇంకో ఇరవై నిమిషాలు. రక్తాన్ని గడ్డకట్టనివ్వని ఆకుపచ్చ మూత హెపారిన్ ట్యూబుకి మారి, రాగానే సెంట్రిఫ్యూజ్‌లో తిప్పడం మొదలుపెట్టాక నలభై నిమిషాల్లోకి దిగాం. రక్తం తీసిన గంటలోపు రిపోర్టు ఇవ్వలేని ల్యాబ్‌లో ఎంత ఖరీదైన మెషీనున్నా క్యాజువాల్టీ డాక్టరు కార్డే అడుగుతాడు, అడగడం న్యాయం కూడా. శాంపిల్ బైకు మీద పక్క టౌనుకి వెళ్లి, సాయంత్రానికి రిపోర్టు వాట్సాప్‌లో వచ్చే చోట "మాకు హై సెన్సిటివిటీ ఉంది" అనడంలో అర్థం లేదు.

ఖర్చుంది. మెషీన్ లక్షల్లో మాట, కంపెనీ రీఏజెంట్ రెంటల్ కింద (పరీక్ష రసాయనాలు వాళ్ల దగ్గరే కొనాలన్న ఒప్పందం మీద) ఊరికే పెట్టినా, మెషీన్ సరిగా చూపుతోందో లేదో తేల్చే కంట్రోల్స్ రోజూ నడపాలి, తెరిచిన ప్యాక్‌కి కొన్ని వారాలే ఆయుష్షు. రోజుకి ఒకటీ అరా ట్రోపోనిన్ వచ్చే చోట రీఏజెంట్ సగం సింకులోకే పోతుంది. (పనిలో పని: జుట్టు రాలుతోందని బయోటిన్ మాత్రలు పెద్ద డోసులో వేసుకునేవాళ్లకి కొన్ని మెషీన్ల మీద ట్రోపోనిన్ ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తుంది. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2017 లోనే హెచ్చరించింది. మాత్రలేమైనా వాడుతున్నారా అని అడగడానికి డబ్బు ఖర్చు కాదు.)

ఈ రెంటికీ మధ్య చిన్న రీడర్లున్నాయి. కార్డు లాంటిదే లోపల పెడితే పది పదిహేను నిమిషాల్లో అంకె వస్తుంది. కంటితో చూసే గీతకన్నా ఎన్నో రెట్లు నయం. నెదర్లాండ్స్‌లో ఆర్టికా అనే ట్రయల్‌లో ఇలాంటి రీడర్‌ని అంబులెన్సులోనే వాడారు. ప్రమాదం తక్కువున్నవాళ్లని, నొప్పి మొదలై కనీసం 2 గంటలైనవాళ్లని మాత్రమే తీసుకుని, నెగెటివ్ వస్తే ఇంటి డాక్టరు చేతిలో పెట్టారు. అక్కడా టైము షరతు ఉంది చూడండి. మన దగ్గర అమ్మే రీడర్లలో చాలావాటికి హై సెన్సిటివిటీ లేదు, కొనేముందు అది ఉందని చూపే కాగితం అడగాలి. ఇంకో తలనొప్పి, మనిషిని పెద్దాస్పత్రికి పంపినప్పుడు. ఒకసారి మా ఊళ్లో రీడర్ మీద ట్రోపోనిన్ ఐ 0.04 వచ్చింది, హైదరాబాద్ వెళ్లాక ట్రోపోనిన్ టీ 38 వచ్చింది. "సున్నా నుంచి 38 అయింది సార్" అని కొడుకు ఫోన్లో ఏడ్చేశాడు. మొదటిది మిల్లీలీటరు లెక్క, రెండోది లీటరు లెక్క. లీటరులోకి మారిస్తే మొదటిది 40. అలాగని రెండూ ఒకటేననీ అనలేం, ఐ వేరు, టీ వేరు, ఒకదాన్నుంచి ఒకటి తీసేయడానికి లేదు. రెండు శాంపిళ్లూ ఒకే మెషీన్ మీద పడాలి.

గుండెపోటుకి పాతకాలం రక్తపరీక్ష సీకే-ఎంబీ? 2000 లోనే ట్రోపోనిన్‌ని దానికన్నా ముందు పెట్టారు, ఇంకా ప్యాకేజీల్లో ఎందుకుందో ప్యాకేజీ చేసినవాళ్లనే అడగాలి. అలాంటిదే ఇంకో పాత పరీక్ష మయోగ్లోబిన్, దాని సంగతి అసలు వద్దు.

ఆ కుర్రాడికి నేను చెప్పిందిది. రాత్రిపూట కూడా టెక్నీషియన్ ఉండి, గంటలో రిపోర్టు ఇవ్వగలిగితే మెషీనే. రోజుకి రెండు మూడు కేసులే వస్తుంటే, అంకె చూపే మంచి రీడర్. అదీ లేని చోట ఈసీజీ తీసి, ఆస్పిరిన్ ఇచ్చి, పైకి పంపడమే మంచిది. డయాలసిస్ వాళ్లలాంటి వాళ్లని పక్కన పెడితే, కార్డుని పాజిటివ్ వస్తే నమ్మొచ్చు, నెగెటివ్ వచ్చిందని దాన్నొక్కదాన్నే నమ్మి మనిషిని ఇంటికి పంపొద్దు. "డాక్టరుగారు కార్డులే తెమ్మంటారన్నా" అన్నాడు. సరే, తే. కానీ రిపోర్టు మీద నెగెటివ్ పక్కన నొప్పి మొదలైన టైము, రక్తం తీసిన టైము రెండూ రాయి అన్నాను.

మా ఫారంలో ఆ గడి ఇప్పుడుంది. నిన్న రాత్రి వచ్చిన ఆరింటిలో రెండు ఖాళీగానే వచ్చాయి. మెషీన్ తిరుగుతుండగా కిందికి ఫోన్ చేసి కనుక్కున్నాను. ఒకాయనకి మూడు రోజుల నుంచీ నొప్పి, ఇంకొకాయనకి ముప్పావుగంట.