ఇంటి సర్వర్‌లో ఈసీసీ ర్యామ్: ఏళ్ల వాడకం తర్వాత నా మాట

ఇంటి సర్వర్‌కు ఈసీసీ ర్యామ్ (తప్పిన బిట్లను పట్టుకుని దిద్దే మెమరీ) అవసరమా అంటే అవసరమే అంటాను. అంతరిక్ష కిరణాలు బిట్లను తారుమారు చేస్తాయన్న భయంతో కాదు. చెడిపోతూ కూడా బాగానే పనిచేస్తున్నట్టు కనిపించే ర్యామ్ స్టిక్ అంటేనే నాకు భయం.

మా సర్వర్‌లో రైజెన్ 5 3600 ప్రాసెసర్, ఈసీసీ పనిచేసే మదర్‌బోర్డు, డిస్కుల్లో డేటాను సరిచూసుకునే జెడ్‌ఎఫ్‌ఎస్ ఫైల్ సిస్టమ్ ఉన్నాయి. పిల్లల ఫోటోలు, నాన్నగారి పొలం కాగితాల స్కాన్లు అందులోనే. చాలాకాలం ఈసీసీ ఉన్న సంగతే తెలియలేదు. ఒక వేసవిలో లినక్స్ లాగ్‌లో 'కరెక్టెడ్ ఎర్రర్' అంటూ వరసగా లైన్లు రావడం మొదలైంది, ప్రతిసారీ ఒకే స్లాట్ నుంచి. స్టిక్‌ను పక్క స్లాట్‌లో పెడితే ఎర్రర్లూ దాని వెంటే వెళ్లాయి. కొత్తది వేశాక ఆగిపోయాయి. సర్వర్ ఒక్కసారీ హ్యాంగ్ కాలేదు.

మామూలు ర్యామ్ అయితే ఆ తప్పుడు బిట్లు చప్పుడు లేకుండా డిస్కుకెక్కేవి. జెడ్‌ఎఫ్‌ఎస్‌కు చెక్‌సమ్ (డేటా మారిందో లేదో పట్టిచ్చే లెక్క) ఉందిగా అంటారు. కానీ చెక్‌సమ్ లెక్కకట్టకముందే డేటా ర్యామ్‌లో పాడైతే, జెడ్‌ఎఫ్‌ఎస్ ఆ పాడైనదానికే లెక్క కడుతుంది. ఆ తర్వాత ఎన్ని స్క్రబ్‌లు (డిస్కులోని డేటా అంతా చదివి సరిచూసే తనిఖీలు) నడిపినా అంతా బాగుందనే చెబుతుంది. బ్యాకప్‌లోకి వెళ్లేదీ అదే. డీడీఆర్4 తరం ఈసీసీలో ప్రతి 64 బిట్లకు 8 తనిఖీ బిట్లు ఉంటాయి. ఒక బిట్ తప్పితే దిద్దుతుంది, రెండు తప్పితే పట్టుకుని చెబుతుంది.

ఇది అరుదైన సంగతీ కాదు. గూగుల్ సర్వర్లపై 2009లో వచ్చిన అధ్యయనంలో, ఏడాదికి మూడో వంతు యంత్రాల్లో కనీసం ఒక ర్యామ్ ఎర్రర్ కనిపించింది. ఎర్రర్లు వచ్చిన స్టిక్‌లలోనే మళ్లీ మళ్లీ వచ్చాయి. నా అనుభవమూ అదే.

అలాగని ఈసీసీ లేకపోతే జెడ్‌ఎఫ్‌ఎస్ స్క్రబ్ మొత్తం డిస్కుల పూల్‌ను నాశనం చేస్తుందన్న ప్రచారాన్ని నమ్మకండి. ర్యామ్‌లో డేటా పాడయ్యే ప్రమాదం ఈఎక్స్‌టీ4 లాంటి మామూలు ఫైల్ సిస్టమ్‌లకూ అంతే ఉంది.

కొనేముందు కొన్ని విషయాలు చూసుకోండి. 5600జీ లాంటి, పేరు చివర జీ ఉండే రైజెన్‌లలో ప్రో రకాలకే ఈసీసీ పనిచేస్తుంది. పాత సర్వర్ల నుంచి చవగ్గా దొరికే రిజిస్టర్డ్ ర్యామ్ ఇంటి బోర్డుల్లో పనిచేయదు. డీడీఆర్5 తరం ర్యామ్ చిప్‌ లోపలి ఈసీసీని చూసి పూర్తి ఈసీసీ అనుకోవద్దు. చిప్ నుంచి ప్రాసెసర్‌కు వెళ్లే దారికి దాని కాపలా లేదు. బిగించాక లినక్స్‌లో ఈడీఏసీ డ్రైవర్ (ర్యామ్ ఎర్రర్లను లాగ్‌కు చేర్చేది) లోడయిందో లేదో చూడండి, లేకపోతే ఎర్రర్లు మీదాకా రావు.

చేతిలో డబ్బు ఒక్కదానికే ఉంటే మాత్రం ముందు బ్యాకప్ డిస్కు కొని వేరే ఇంట్లో పెట్టండి. ఈసీసీ ఆ తర్వాతే.