బీపీ కొలవడం తెలిసిన కిడ్నీ క్లినిక్

హిమాయత్‌నగర్‌లోని ఒక చిన్న కిడ్నీ క్లినిక్‌కు మా అమ్మగారిని ఏడాదికి పైగా తీసుకువెళ్తున్నాము. ఆవిడకు షుగర్ లేదు. ఏళ్ల తరబడి అదుపులో లేని బీపీ వల్ల కిడ్నీలు దెబ్బతిన్నాయి, కిడ్నీలు ఎంత బాగా వడపోస్తున్నాయో చెప్పే ఈజీఎఫ్‌ఆర్ అంకె 40 కంటే కిందికి వచ్చింది. హైదరాబాద్‌లో మంచి కిడ్నీ డాక్టర్లకు కొదవ లేదు. అయినా ఈ క్లినిక్ గురించి రాయాలనిపించడానికి కారణం ఇక్కడ బీపీ కొలిచే తీరు.

ఇక్కడ వచ్చీరాగానే పట్టీ చుట్టరు. కాఫీ తాగి ఎంతసేపయింది, బాత్‌రూమ్‌కు వెళ్లివచ్చారా అని అడిగి, పక్క గదిలో వీపు ఆనే కుర్చీలో కూర్చోబెట్టి అయిదు నిమిషాలు ఎవరూ పలకరించకుండా వదిలేస్తారు. "అమ్మా, కాళ్లు నేలకు ఆనించండి, కాసేపు మాట్లాడకండి" అని నర్సు మెల్లగా చెప్పి, జబ్బ చుట్టుకొలత టేపుతో చూసి దానికి సరిపడే పట్టీ తీస్తుంది. చేతిని గుండె ఎత్తులో బల్ల మీద పెట్టించి, మధ్యలో నిమిషం చొప్పున ఆగుతూ మూడుసార్లు కొలుస్తుంది. మొదటిసారి వెళ్లినప్పుడు పై అంకె 152, 143, 140గా వచ్చింది. చీటీ మీద సగటు 145 అని రాశారు. అంతకుముందు చూపించిన ఒక పెద్ద ఆసుపత్రిలో, లిఫ్టు దిగి వచ్చిన మనిషికి, టోకెన్ గురించి మాట్లాడుతుండగానే, జాకెట్టు చేతి మీదుగానే పట్టీ చుట్టి ఒక్కసారి కొలిచేవారు. అక్కడ ఎప్పుడూ 160 దాటేది. ఆ అంకెను చూసి మందు పెంచేవారు, ఇంటికి వచ్చాక ఆవిడకు కళ్లు తిరిగేవి.

ఇది చాదస్తం కాదు. 2015లో వెలువడిన స్ప్రింట్ అధ్యయనంలో, షుగర్ లేకపోయినా గుండెజబ్బు ముప్పు ఎక్కువగా ఉన్న 9,361 మందిని రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు పై బీపీ 140 లోపు, మరో జట్టుకు 120 లోపు ఉండేలా చికిత్స చేశారు. రెండో జట్టులో గుండెపోటు, పక్షవాతం, గుండె వైఫల్యం వంటి ప్రమాదాలు అన్నీ కలిపి చూస్తే దాదాపు నాలుగోవంతు తగ్గాయి. వారిలో కిడ్నీ జబ్బు ఉన్నవారికి కూడా మరణాలు తగ్గాయి గాని, కిడ్నీల క్షీణత మాత్రం నెమ్మదించలేదు. పైగా కిడ్నీ ఉన్నట్టుండి దెబ్బతినడం 120 జట్టులోనే ఎక్కువగా కనిపించింది. ఆ అధ్యయనంలో బీపీని కొలిచింది కూడా ఇలాగే, విశ్రాంతి ఇచ్చి, మూడు కొలతల సగటు తీసుకుని. కిడ్నీ జబ్బుల చికిత్సకు అంతర్జాతీయంగా సూచనలిచ్చే కేడీఐజీఓ సంస్థ 2021 నాటి మార్గదర్శకాలు 120 లోపు అన్న లక్ష్యాన్ని ఇలా పద్ధతిగా కొలిచిన బీపీకే వర్తింపజేశాయి. హడావిడిగా కొలిచిన అంకెను 120కి దించాలని మందులు పెంచుకుంటూ పోతే వృద్ధులు కిందపడి ఎముకలు విరగ్గొట్టుకునే ప్రమాదం ఉంది. ఈ డాక్టరు గారు అమ్మగారిని నిలబెట్టి కూడా బీపీ చూసి, తొందరపడకుండా నెలల మీద 120ల్లోకి తెచ్చారు.

మందుల విషయంలోనూ అదే జాగ్రత్త. బీపీ మందు టెల్మిసార్టన్ మోతాదు పెంచినప్పుడు రెండు నుంచి నాలుగు వారాల్లో క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు తగ్గితే రక్తంలో పెరిగే వ్యర్థం), పొటాషియం పరీక్షలు చేయించమన్నారు. క్రియాటినిన్ 30 శాతం లోపు పెరిగితే కంగారుపడి మందు మానెయ్యవద్దని ముందే చెప్పారు. మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రొటీన్ పోతున్నందున డపాగ్లిఫ్లోజిన్ కూడా మొదలుపెట్టారు. షుగర్ మందు షుగర్ లేని మనిషికి ఎందుకని నేను అడిగితే, విసుక్కోకుండా 2020 నాటి డపా-సీకేడీ పరిశోధన గురించి చెప్పారు: అందులో పాల్గొన్న 4,304 మందిలో సుమారు మూడోవంతు మందికి షుగర్ లేదు, మేలు మాత్రం వారికీ జరిగింది. వాంతులు, విరేచనాలు పట్టుకున్నప్పుడు, ఉపవాసం ఉన్న రోజుల్లో ఆ బిళ్ల ఆపాలని చీటీ మీద తెలుగులో రాసిచ్చారు. పేటెంటు ముగిశాక మన కంపెనీల మందులు వచ్చి దాని ధర బాగా దిగింది, మధ్యతరగతివారికి ఇది చిన్న విషయం కాదు. మోకాళ్ల నొప్పులకు డైక్లోఫినాక్ వేసుకోవద్దని, బీపీకి మంచిదని అమ్మే తక్కువ సోడియం ఉప్పులో, దెబ్బతిన్న కిడ్నీలు సరిగా బయటికి పంపలేని పొటాషియం ఉంటుంది కనుక దాన్ని వాడవద్దని కూడా హెచ్చరించారు. ఈ రెండో మాట మాకు ఇంకెక్కడా ఎవరూ చెప్పలేదు.

లోపాలు లేకపోలేదు. అపాయింట్‌మెంటు ఉన్నా గంటకు తక్కువ కాకుండా కూర్చోవాలి, పైగా ఆ వీధిలో కారు ఆపడానికి చోటుండదు. అంతకంటే బాధ కలిగించేది ఆహార సలహా. రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు అని ఇంగ్లిషులో అచ్చువేసిన కాగితం చేతికిస్తారు. అందులో చీజ్, సాసేజ్, సూపు పాకెట్లు ఉన్నాయి గాని ఆవకాయ, అప్పడాలు, ఊరమిరపకాయలు, ఉప్పుచేప లేవు. మన ఇళ్లలో ఉప్పు చేరేది ఈ దారుల్లోనే కదా. మందుల మీద ఇంత శ్రద్ధ పెట్టినవారు ఈ కాగితాన్ని మార్చకపోవడం నాకు అర్థం కాలేదు. దాన్ని మార్చమని రిసెప్షన్‌లో రాతపూర్వకంగా అడిగి వచ్చాను.

ఇక్కడ డయాలసిస్ లేదు. ఆ దశకు చేరినవారు నిమ్స్ వంటి చోటికో, ఆరోగ్యశ్రీ కింద ఉచితంగా డయాలసిస్ చేసే కేంద్రాలకో వెళ్లవలసిందే. క్రియాటినిన్ ఇప్పుడిప్పుడే పెరుగుతున్నవారు, ఎన్ని మందులు వేసినా బీపీ దిగడం లేదని చెప్పించుకున్నవారు మాత్రం పాత చీటీలన్నీ, ఇంట్లో వాడే బీపీ మిషనూ వెంట తీసుకుని ఇక్కడ ఒకసారి చూపించుకోవాలి. ఆ మిషన్ సరిగ్గా చూపిస్తోందో లేదో కూడా పక్కన పెట్టి సరిచూసి చెబుతారు.