ఊళ్లో తిరగడానికా, బెంగళూరు పోవడానికా?

అనంతపురంలో తక్కువ ధరకు ఎలక్ట్రిక్ కారు కావాలంటే ముందు కనిపించేది ఎంజీ కామెట్. బ్యాటరీ 17.3 కిలోవాట్-అవర్లు. 3.3 కిలోవాట్ల ఛార్జర్‌తో నిండడానికి దాదాపు 7 గంటలు. రాత్రి ప్లగ్ పెట్టి పడుకుంటే చాలు, మరుసటి రోజు క్లాక్ టవర్, మార్కెట్, పిల్లల బడి అన్నీ తిరగొచ్చు. కానీ డీసీ ఫాస్ట్ ఛార్జింగ్, అంటే దారిలోని ఛార్జింగ్ స్టేషన్లలో బ్యాటరీని త్వరగా నింపుకునే వీలు, లేదు. నాకు అడ్డం పడింది అదే.

టాటా టియాగో ఎలక్ట్రిక్ కారుకు ఇంకొంత డబ్బు పెట్టాలి. 24 కిలోవాట్-అవర్ల మోడల్ ఫాస్ట్ ఛార్జర్ దగ్గర 10 నుంచి 80 శాతానికి సుమారు గంటలో చేరుతుంది. బెంగళూరు మనకు 200 కిలోమీటర్ల పైమాటే. మే నెల ఎండలో, ఏసీ వేసుకుని, ఒక్క ఛార్జింగ్‌తో చేరడం కష్టం. దారిలో ఆగక తప్పదు. అమ్మను ఆసుపత్రికి తీసుకెళ్లేటప్పుడు ఆ ఆగడం గంటా, ఏడు గంటలా అన్నదే నాకు ముఖ్యం. అందుకే టియాగో తీసుకుంటున్నాను.