ఉగాదికి బాలి, వేసవికి జపాన్: అక్కడి సెలవులు చూసుకున్నాకే టికెట్

హైదరాబాద్ కుటుంబాలు విదేశీ యాత్రకి తేదీలు పెట్టుకునేది పిల్లల బడి సెలవుల్ని బట్టే. వెళ్లే చోట ఆ రోజుల్లో ఏమేం మూసేస్తారన్నది మాత్రం హోటల్‌కి డబ్బు కట్టేశాక గానీ గుర్తురాదు. బాలిలో ఈ మరుపుకి ఒక రోజంతా పోతుంది.

బాలివాళ్ల కొత్త సంవత్సరం న్యేపి, మౌనంగా గడిపే రోజు. వాళ్లదీ శక సంవత్సరమే. 2026 మార్చి 19న మనకు ఉగాది, వాళ్లకు న్యేపి, ఇద్దరికీ శక 1948. 2023లోనూ రెండూ మార్చి 22నే వచ్చాయి. 2024లో మాత్రం న్యేపి మార్చి 11న, ఉగాది ఏప్రిల్ 9న పడ్డాయి. అంచేత మన పంచాంగాన్ని నమ్ముకోకుండా ఆ ఏటి న్యేపి తేదీ విడిగా చూసుకోవాలి. ఆ రోజు ఉదయం 6 నుంచి మర్నాడు ఉదయం 6 దాకా విమానాశ్రయం మూత, ఫెర్రీలు బంద్. రోడ్డు మీద అంబులెన్సులాంటి అత్యవసర బళ్లే తిరుగుతాయి. హోటల్ గేటు దాటితే పర్యాటకుల్ని సైతం పెచలాంగ్ అనే ఊరి కాపలావాళ్లు వెనక్కి పంపేస్తారు. 2018 నుంచి మొబైల్ డేటా కూడా ఆపేస్తున్నారు.

కాబట్టి ఆ రోజుకి బస సరిగ్గా కుదరడమే ముఖ్యం. ఉబుద్‌లో పొద్దున టిఫిన్ మాత్రమే పెట్టే హోమ్‌స్టేలు మామూలు రోజుల్లో మంచి బేరమే. న్యేపికి మాత్రం సొంత వంటశాల, తిరగడానికి తోట ఉన్న రిసార్ట్ మేలు. మూడు పూటలా భోజనం పెడతారా, శాకాహారం ముందే చెప్పాలా అని బుక్ చేసేటప్పుడే అడగండి. రాత్రి దీపాలు తగ్గించి కర్టెన్లు దించేస్తారు, చంటిపిల్లలుంటే గదిలో కెటిల్ ఉండేలా చూసుకోండి. ముందురోజు సాయంత్రం ఓగో-ఓగో అనే భారీ బొమ్మల ఊరేగింపు కోసం రోడ్లు ఆపేస్తారు. మధ్యాహ్నానికల్లా మందులు, నగదు తీసుకుని హోటల్ చేరిపోవాలి. ఇంత ఇబ్బందీ పడదగ్గదే. అమావాస్య మర్నాటి చీకటి, దానికి తోడు దీవంతా దీపాలార్పి ఉంటుంది. మబ్బు లేకపోతే ఆ రాత్రి కనిపించేన్ని చుక్కలు మన ఊళ్లో ఏ డాబా మీదా కనిపించవు.

జపాన్ గోల్డెన్ వీక్ సంగతి వేరు. అక్కడ బాలిలోలా అన్నీ మూసెయ్యరు, దేశమంతా ఒక్కసారే బయల్దేరుతుంది. ఏప్రిల్ 29, మే 3, 4, 5 సెలవులు. వాటిలో ఒకటి ఆదివారం పడితే బదులు సెలవిస్తారు, 2026లో మే 3 ఆదివారం కాబట్టి మే 6 కూడా సెలవే. ఆ రోజుల్లో నొజోమి అనే బుల్లెట్ రైళ్లలో అన్నీ రిజర్వ్ సీట్లే. మామూలు టికెట్‌తో ఎక్కితే తలుపుల దగ్గర నిలబడి వెళ్లాలి. సీట్లు సరిగ్గా నెల ముందు, అక్కడి ఉదయం 10 గంటలకి, అంటే మనకి తెల్లారి 6:30కి తెరుస్తారు. టోక్యో–ఒసాకా దారిలో పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 160 సెంటీమీటర్లు దాటిన సూట్‌కేస్ ఉంటే లగేజీ చోటున్న సీటే తీసుకోవాలి, లేకపోతే 1000 యెన్లు కట్టించుకుంటారు. మన పిల్లలకి సెలవులు జూన్ రెండో వారం దాకా ఉంటాయి. మే 7 తర్వాత దిగితే హోటల్ ధరలూ దిగుతాయి, సీట్లూ దొరుకుతాయి.

జర్మనీలో ఈస్టర్ కాస్త చూసుకోవాలి. గుడ్ ఫ్రైడే, ఆదివారం, ఈస్టర్ సోమవారం మూడు రోజులూ సూపర్ మార్కెట్లు మూతే, మధ్యలో శనివారం ఒక్కటే తెరుస్తారు. పాలు, పెరుగు, కూరగాయలు ఆ రోజే కొనేసుకోవాలి. తప్పిపోతే బెర్లిన్ లాంటి ఊళ్లలో పెద్ద రైల్వే స్టేషన్‌లోని దుకాణాలే దిక్కు. సెలవునాడు మందుల షాపులు వంతులవారీగా తెరిచి ఉంటాయి, అప్పుడు మామూలుగా 2.50 యూరోలు అదనం.

లండన్‌లో డిసెంబర్ 25న మెట్రో, సిటీ బస్సులు రెండూ నడవవు. 24 సాయంత్రం నుంచే సర్వీసులు పలచబడతాయి. హీత్రోలో 25న దిగే టికెట్ చవగ్గా కనిపిస్తే, దానికి టాక్సీ ఖర్చు కలిపి చూడండి.